మారిషస్‌లో తొమ్మిది రాత్రులు: గాలి, దాల్ పూరీ, ఒక వంద రూపాయల నోటు

మారిషస్‌లో మొదటి మూడు రాత్రులూ మేం గాలి హోరు వింటూ పడుకున్నాం. తూర్పు తీరంలో బెల్ మార్ వైపు, సముద్రానికి ఎదురుగా ఉన్న రిసార్టు అది. ఫోటోల్లో కొబ్బరాకు కూడా కదలదు. మేం దిగిన సాయంత్రం బాల్కనీ తలుపు తీయగానే అమ్మ చీర కొంగు ఎగిరి నా మొహానికి చుట్టుకుంది. పొద్దున్నే లేచి చూస్తే స్విమ్మింగ్ పూల్ పక్కన వేసిన కుర్చీలు రెండు నీళ్ళలో తేలుతున్నాయి.

తప్పు రిసార్టుది కాదు, నాది. మేం వెళ్ళింది ఆగస్టులో. మనకు శ్రావణం, వాళ్ళకు చలికాలం. ఆ నెలల్లో ఆగ్నేయ వ్యాపార పవనాలు నేరుగా తూర్పు, దక్షిణ తీరాల మీదికే కొడతాయి. దీవి మధ్యలో పీఠభూమి, కొండలు అడ్డం ఉంటాయి కాబట్టి పడమటి ఒడ్డున అదే రోజు నీళ్ళు నిలకడగా ఉంటాయి. తొమ్మిదో తరగతిలో బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్న పాఠమే. డబ్బు కట్టాక మళ్ళీ చదువుకోవాల్సి వచ్చింది. జూన్ నుంచి సెప్టెంబరు మధ్య వెళ్ళేవాళ్ళు పడమర వైపే గది తీసుకోండి. తూర్పు అందం నవంబరు తర్వాత. జనవరి నుంచి మార్చి దాకా తుపాన్ల భయం ఉంటుంది, అది వేరే లెక్క.

వెళ్ళింది ముగ్గురం: నేను, మా ఆవిడ, డెబ్బై దాటిన మా అమ్మ. హైదరాబాద్ నుంచి ముంబయి, అక్కణ్ణుంచి ఆరు గంటల పైచిలుకు ప్రయాణం. పర్యాటకులుగా వెళ్ళే మనవాళ్ళకు వీసా ఫీజు లేదు. రిటర్న్ టికెట్, హోటల్ బుకింగ్ చూపిస్తే విమానాశ్రయంలో ముద్ర వేస్తారు, ముందుగా ఆన్‌లైన్‌లో ఒక ఫారం నింపుకోవాలి. వాచీని గంటన్నర వెనక్కి తిప్పుకుంటే సరి. బళ్ళు మనలాగే ఎడమ పక్కన నడుస్తాయి. వాళ్ళ రూపాయి మన రెండు రూపాయలకు కాస్త తక్కువ. 2024 ఫిబ్రవరి నుంచి మన యూపీఐ అక్కడ కూడా పనిచేస్తుందని వినే ఉంటారు. నేను నాలుగు చోట్ల ప్రయత్నిస్తే ఒక్కచోట పనిచేసింది. చేతిలో నోట్లు ఉంచుకోండి.

ఇక ఆ రిసార్టు సంగతి. పొద్దున టిఫిను, రాత్రి భోజనం కలిపిన ప్యాకేజీ. గదులు శుభ్రం, పనివాళ్ళు మర్యాదస్తులు. కాని రిసార్టు గేటు దాటితే రెండు కిలోమీటర్ల దాకా చెరకు తోటలు తప్ప ఏమీ లేవు. మధ్యాహ్నం ఆకలేస్తే లోపలే తినాలి, లోపలి ధర యూరోల్లో ఆలోచించేవాళ్ళ కోసం పెట్టింది. మేం శాకాహారులం అని బుకింగప్పుడు రాశాం, ఫోన్లో చెప్పాం. అయినా మొదటి రాత్రి కూరగాయల నూడుల్స్‌లో చేపల వాసన. వంటాయన వచ్చి "చేప ముక్కలు లేవు మేడమ్, సాసే" అన్నాడు. అమ్మ ఆ రాత్రి అరటిపండు, పెరుగుతో సరిపెట్టుకుంది. హోటల్ డెస్కు పిలిచిన టాక్సీ అడిగిన మొత్తానికి, మర్నాడు రోడ్డు మీద మేమే మాట్లాడుకున్న టాక్సీ మొత్తానికి దాదాపు సగం తేడా. అక్కడ టాక్సీలకు మీటరు వాడకం లేదు, ఎక్కే ముందే బేరం తేల్చుకోవాలి.

ఈల్ ఓ సెర్ఫ్ అనే చిన్న దీవికి పడవలో వెళ్ళాం. తూర్పు తీరానికి వచ్చినవాళ్ళందరూ వెళ్తారు, మేమూ వెళ్ళాం. గాలికి ఇసుక కళ్ళలో కొట్టింది. అంతకన్నా చెప్పడానికి ఏమీ లేదు.

నాలుగో రోజు పొద్దున పెట్టె సర్దుకుని దీవి మధ్యలో ఉన్న రోజ్ హిల్ ఊరికి మారాం. పర్యాటకులు సాధారణంగా ఉండని ఊరు. ఒక ఇంటి పై అంతస్తు, రెండు గదులు, వంటిల్లు. అద్దె రిసార్టులో మూడో వంతు. ఈ తొమ్మిది రాత్రుల్లో నేను తీసుకున్న మంచి నిర్ణయం ఏదైనా ఉంటే అదే. అమ్మకు వంటిల్లు దొరికింది, నాకు దేశం దొరికింది.

దేశం అంటున్నాను గాని కొలిస్తే ఎంత? రోడ్రిగ్స్ లాంటి దూరపు దీవులు కూడా కలుపుకుని 2,040 చదరపు కిలోమీటర్లు. మన హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు లోపల పట్టేంత. జనాభా పన్నెండున్నర లక్షలు. ఒక చివర నుంచి ఇంకో చివరకు రెండు గంటల కన్నా ఎక్కువ పట్టదు, సాయంత్రం ట్రాఫిక్‌లో చిక్కుకుంటే తప్ప. అగ్నిపర్వతం కక్కిన రాయి మీద మొలిచిన దీవి. అన్నింటికన్నా ఎత్తైన శిఖరం 828 మీటర్లు. చుట్టూ పగడపు దిబ్బ గోడలా ఉంటుంది. పెద్ద అలలు అక్కడే విరిగిపోతాయి, అందుకే లోపలి నీళ్ళు చెరువులా ఉంటాయి. డచ్చివాళ్ళు 1638లో స్థిరపడేనాటికి ఇక్కడ మనుషులే లేరు. డోడో పక్షులు ఉండేవి, శతాబ్దం తిరక్కుండానే అవి అంతరించాయి. చెరకు తెచ్చిందీ డచ్చివాళ్ళే. తర్వాత ఫ్రెంచివాళ్ళు, 1810 నుంచి ఇంగ్లీషువాళ్ళు. అంటే ఈ దేశంలో ప్రతి ఒక్కరూ ఓడ దిగి వచ్చినవాళ్ళే. తేడా ఏమిటంటే కొందరు పై డెక్కు మీద వచ్చారు, కొందరు గొలుసులతో వచ్చారు, కొందరు వేలిముద్ర వేసి వచ్చారు.

రోజ్ హిల్‌లో మా దినచర్య దాల్ పూరీతో మొదలయ్యేది. వాళ్ళు "దోల్ పురి" అంటారు. వీధి మలుపులో స్కూటరుకు అద్దాల పెట్టె బిగించుకుని ఒకాయన ఏడింటికల్లా వచ్చేవాడు. పేరు పూరీయే గాని నూనెలో వేయించరు. పెనం మీద కాల్చిన పల్చటి రొట్టె, లోపల పసుపు బఠాణీ పప్పు ఉడికించి పొడి చేసిన పొర. చూపుడువేలుతో పట్టుకుంటే అవతలి వెలుతురు కనిపిస్తుంది. ఎప్పుడూ జంటగానే అమ్ముతారు. రెండు రొట్టెలు ఒకదాని మీద ఒకటి పరిచి, చిక్కుడు గింజల కూర ఒక గరిటె, టొమాటో కూర ఒక గరిటె, పచ్చిమిరప ముద్ద చెంచాడు వేసి, కాగితంలో చుట్టి చేతిలో పెట్టేస్తాడు. ఇదంతా పది సెకన్లు. "పిమా?" అని అడుగుతాడు, కారం కావాలా అని. మొదటిరోజు మా ఆవిడ "ఫుల్" అంది. ఆయన ఒకసారి తలెత్తి చూసి ఇంకో చెంచా వేశాడు. ముగ్గురం కడుపునిండా తిన్నా రిసార్టులో ఒక కాఫీ ఖరీదు కాలేదు.

పక్కనే "గాతో పిమా" అని చిన్న ఉండలు. ఫ్రెంచి పేరు చూసి ఏదో కేకు అనుకున్నాం. అమ్మ ఒకటి కొరికి, "ఒరే, ఇది మసాలా వడ" అని తేల్చేసింది. పప్పు రుబ్బి పచ్చిమిరపకాయ, ఉల్లికాడ వేసి వేయించిందే. బ్రెడ్డులో వెన్న రాసి మధ్యలో పెట్టుకుని తింటారు. శాకాహారులకు మారిషస్‌లో ఇబ్బంది ఉంటుందన్న మాట నమ్మకండి. ఇబ్బంది రిసార్టుల్లోనే, వీధిలో లేదు.

రోజ్ హిల్ నుంచి రాజధాని పోర్ట్ లూయీకి మెట్రో ఉంది. మన దేశం సాయంతో, మన కంపెనీయే కట్టింది. అరగంట ప్రయాణం, చల్లగా, శుభ్రంగా. మిగతా చోట్లకు బస్సులు. బస్సుల మీద నాకు రెండు అభిప్రాయాలున్నాయి. పగలు ఇంతకన్నా మంచి సర్వీసు అడగలేం. కండక్టరు దగ్గరికొచ్చి టికెట్టు ఇస్తాడు, దిగాల్సిన చోటు గుర్తుపెట్టుకుని చెప్తాడు. వాళ్ళ వృద్ధులకు, విద్యార్థులకు 2005 నుంచి ఉచితం. పొద్దున పదింటికి ఏ బస్సు ఎక్కినా సగం సీట్లలో టోపీలు, చేతిసంచులు పెట్టుకున్న పెద్దవాళ్ళే కబుర్లాడుతూ కనిపిస్తారు. చీకటి పడిందా, బస్సు అనేది మాయమైపోతుంది. ఒకరోజు ఉత్తరాన గ్రాండ్ బేలో సూర్యాస్తమయం చూస్తూ కూర్చుని, బస్‌స్టాపుకు వచ్చేసరికి అక్కడ కుక్క తప్ప ఎవరూ లేరు. టాక్సీకి ఆ రోజు భోజనం ఖర్చంతా పోసుకున్నాం. దుకాణాలూ అంతే, ఆరింటికి షట్టర్లు దించేస్తారు. ఆదివారం మధ్యాహ్నం ఊళ్ళన్నీ నిద్రపోతాయి.

పోర్ట్ లూయీకి ఒక రోజు చాలదు. చాలామంది ప్యాకేజీల్లో సగం పూట పెట్టి, సముద్రం పక్కన షాపింగ్ చేయించి తీసుకెళ్ళిపోతారు. సెంట్రల్ మార్కెట్లో అలూదా తాగండి, మన ఫలూదాకు చుట్టం. బ్లూ పెన్నీ మ్యూజియంలో 1847 నాటి రెండు తపాలా బిళ్ళలున్నాయి. వెలుతురు తగిలితే రంగు పోతుందని గంటకోసారి కొద్ది నిమిషాలే దీపం వేస్తారు. మేం ఆ సమయానికి చేరలేక నకళ్ళు చూసి బయటపడ్డాం. ముందే అడిగి వెళ్ళండి. డోడో ఎముకల గూడు ఉన్న నేచురల్ హిస్టరీ మ్యూజియం పాతది, దుమ్ము వాసన. నాకు మాత్రం దాన్ని వదిలి రాబుద్ధి కాలేదు.

ఒప్పందం మీద వచ్చిన మన కూలీలు ఓడ దిగిన రేవు, ఆప్రవాసీ ఘాట్ దగ్గర మాత్రం రెండు గంటలు ఉన్నాం. చూడ్డానికి పెద్దగా ఏమీ ఉండదు. నల్లరాతి గోడల మొండాలు, వంటశాల ఆనవాళ్ళు, ఆసుపత్రి గది, పదహారు మెట్లు. టికెట్టు లేదు. 1833 చట్టంతో బానిసత్వం రద్దు చేసిన ఇంగ్లీషు ప్రభుత్వానికి చెరకు తోటల్లో పనివాళ్ళు కావాల్సి వచ్చింది. జీతానికి ఒప్పందం మీద మనుషుల్ని తేవచ్చా, అది గిట్టుబాటవుతుందా అని ప్రయోగం చేయడానికి ఈ దీవిని ఎంచుకున్నారు. 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడ మొదటి జట్టును దించింది. 1920 లోపు ఇండియా నుంచి వచ్చినవాళ్ళు నాలుగున్నర లక్షల పైమాటే. ప్రయోగం ఫలించింది గనకే ఫిజీకి, ట్రినిడాడ్‌కు, నటాల్‌కు ఇదే పద్ధతిలో పంపారు. ఐదేళ్ళ ఒప్పందం, నెలకు ఐదు రూపాయలు. ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోత. ఆ నిబంధనను "డబుల్ కట్" అనేవాళ్ళు. అమ్మ ఆ బోర్డు నాచేత రెండుసార్లు చదివించుకుంది. మెట్లు పదహారూ ఎక్కి, కింద చెప్పులు విడిచిన చోటికి మళ్ళీ దిగి వచ్చింది. అక్కడ చెప్పులు విప్పాలన్న నియమం ఏమీ లేదు.

2006లో దీన్ని యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఆ మొండి గోడల మీదుగానే హైవే ఒకటి పోతుంది, లారీల మోత ఆగదు. వినలేక చిరాకు పడ్డాను గాని, ఆ రోడ్డు మీద వెళ్ళే వాళ్ళలో మూడింట రెండు వంతుల మంది ఈ మెట్లెక్కి వచ్చిన వాళ్ళ మునిమనవలే.

ఆ సాయంత్రం చిల్లర లెక్కపెడుతూ నోట్లన్నీ బల్ల మీద పరిచాను. ఏడు రకాల నోట్లు, ఏడుగురు మనుషులు. ఇరవై ఐదు మీద చైనా మూలాలున్న నాయకుడు మొయిలిన్ జాన్ ఆ-చ్యువెన్, యాభై మీద ఫ్రెంచి మూలాలున్న మోరీస్ పాతురో. వంద మీద తమిళుడైన రెంగనాదెన్ సీనీవాసెన్, రెండు వందల మీద ముస్లిం నాయకుడు రజాక్ మొహమ్మద్. ఐదు వందల మీద సుఖ్‌దేవ్ బిసూన్‌దయాళ్, వెయ్యి మీద బానిసల వారసులైన క్రియోల్ జనం నాయకుడు గేటన్ డువాల్, రెండు వేల మీద మొదటి ప్రధాని శివసాగర్ రామ్‌గులామ్. ఇంగ్లీషుతో పాటు తమిళం, హిందీ అక్షరాలు. 1998లో కొత్త నోట్ల మీద హిందీని తమిళానికి ముందు వేస్తే తమిళులు ఊరుకోలేదు. ప్రభుత్వం ఆ నోట్లు వెనక్కి తీసుకుని, వరస మార్చి మళ్ళీ అచ్చు వేసింది. తెలుగు ఎక్కడుందో అని అమ్మ కళ్ళజోడు పెట్టుకుని వెతికింది. లేదు.

ఈ నోట్ల లెక్కే ఆ దేశపు లెక్క. మా కింది వాటాలో ఉండే ఇంటావిడ భర్త రిటైరైన ఉపాధ్యాయుడు, రాజకీయాల పిచ్చి. ఆయన చెప్పిందీ, నాకు ముందే కొంత తెలిసిందీ కలిపితే ఇదీ సంగతి. 1968 మార్చి 12న స్వాతంత్ర్యం, 1992లో అదే తేదీన గణతంత్రం. సైన్యం లేదు, పోలీసులే. పార్లమెంటుకు 62 మందిని ఎన్నుకుంటారు, ముఖ్యమైన దీవిలో ఒక్కో నియోజకవర్గం నుంచి ముగ్గురు చొప్పున 60, రోడ్రిగ్స్ నుంచి ఇద్దరు. ఆ పైన ఎనిమిది సీట్లు ఓడిపోయినవాళ్ళకు! "బెస్ట్ లూజర్" అంటారు. హిందువులు, ముస్లిములు, చైనా మూలాలవాళ్ళు, మిగిలిన అందరూ అని రాజ్యాంగం నాలుగు వర్గాలు చేసింది. గెలిచినవాళ్ళలో ఏ వర్గం తగ్గితే ఆ వర్గంలో ఎక్కువ ఓట్లు తెచ్చుకుని ఓడినవాళ్ళను పిలిచి కూర్చోబెడతారు. తమాషా ఏమిటంటే జనాభా లెక్కల్లో వర్గం అడగడం 1972 తర్వాత మానేశారు. ఇప్పటికీ ఆ పాత లెక్కతోనే పంచుతున్నారు. తప్పని ఆయనకూ తెలుసు. "మారిస్తే ఏమవుతుందో అని భయం. కొట్టుకోకుండా ఇన్నేళ్ళు గడిచింది కదా" అన్నాడు.

సెలవులూ అంతే. కావడి పండగ, శివరాత్రి, ఉగాది, రంజాన్, వినాయక చవితి, దీపావళి, క్రిస్మస్, చైనా కొత్త సంవత్సరం అన్నీ సెలవులే. క్యాథలిక్కులకు రెండు పండగలున్నాయి, రెండూ ఇవ్వడం కుదరక ఒక ఏడాది ఒకటి, మరుసటి ఏడాది ఇంకొకటి ఇస్తారు. ఉమ్మడి కుటుంబంలో ఆవకాయ జాడీలు పంచుకున్నట్టు పంచుకున్నారు.

ప్రధాని పదవి మాత్రం రెండు కుటుంబాల మధ్యే ఎక్కువగా తిరుగుతుంది, రామ్‌గులామ్‌లు, జగన్నాథ్‌లు. మధ్యలో 2003 నుంచి 2005 దాకా ఒక్క పాల్ బెరంజే బయటివాడు. 2024 నవంబరు ఎన్నికల్లో నవీన్ రామ్‌గులామ్ కూటమి 62లో 60 గెలిచింది. మన దగ్గర నుంచి వెళ్ళినవాళ్ళకు ఇందులో ఆశ్చర్యపోవాల్సింది ఏమీ కనిపించదు.

ఐదో రోజు కారు మాట్లాడుకుని నైరుతి వైపు వెళ్ళాం. క్యూర్‌పిప్ దాటగానే చినుకులు, ఆ ఊరికి ఎండ అంటే పడదు. గంగా తలావ్ అగ్నిపర్వత బిలంలో నిలిచిన చెరువు, పక్కన 108 అడుగుల శివుడి విగ్రహం. శివరాత్రికి లక్షల మంది కాలినడకన వస్తారట. మేం వెళ్ళిన రోజు మంచు, నిశ్శబ్దం, కోతులు. అమ్మ చేతిలోని కొబ్బరి చిప్పను ఒక కోతి చాలా మర్యాదగా తీసుకుంది. అక్కణ్ణుంచి షమరెల్. జలపాతం చూడండి. ఏడు రంగుల మట్టి అని పక్కనే ఇంకోటి చూపిస్తారు. రంగులు నిజమే, ఫోటోలో అంతకన్నా నిజం. టికెట్టు ధరకు తగ్గ కాలక్షేపం కాదు.

ల మోర్న్ కొండ మాత్రం మనసులో ఉండిపోయింది. 556 మీటర్ల రాతి గుట్ట, సముద్రంలోకి పొడుచుకొచ్చి నిలబడింది. తోటల నుంచి పారిపోయిన బానిసలు దాని మీద దాక్కునేవాళ్ళు. 1835లో విడుదల కబురు చెప్పడానికి పోలీసులు కొండెక్కుతుంటే, పట్టుకోవడానికే వస్తున్నారనుకుని పైనుంచి దూకేశారని చెప్పుకుంటారు. కథో నిజమో, మా డ్రైవరు ఆ మాట చెప్పి రేడియో ఆపేశాడు. ఆయన క్రియోల్. కొండ పాదం దగ్గర పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చే తెల్ల గుడారాలు వరసగా ఉన్నాయి. నీళ్ళలో జలపాతం కనిపించే హెలికాప్టర్ రైడ్ కూడా ఇక్కడిదే. అది ఇసుక కదలికతో పుట్టే కంటి భ్రమ. మా జేబుకు ఆ భ్రమ అందలేదు.

దారి పొడుగునా చెరకు తోటల మధ్య నల్లరాళ్ళ గుట్టలు కనిపిస్తాయి, చిన్న పిరమిడ్లలా. ఇళ్ళు కట్టడానికేమో అనుకున్నాను. కాదు, పొలం చదును చేయడానికి కూలీలు చేత్తో ఏరి పోసినవి. పాంప్లెమూస్ బొటానికల్ తోటకు దగ్గర్లో పాత చక్కెర మిల్లును మ్యూజియంగా మార్చారు. అది చూస్తే గాని ఆ రాళ్ళ అర్థం పూర్తిగా తెలియదు. తోట కన్నా నాకు ఈ మ్యూజియమే నచ్చింది. తోటలో పళ్ళెం అంచుల్లాంటి ఆకులున్న పెద్ద కలువలు బాగుంటాయి.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఎగుమతుల్లో తొంభై శాతం పైగా చక్కెరే. ఇంత జనం, ఒకే పంట, ఈ దేశం గట్టెక్కదని 1961లో జేమ్స్ మీడ్ అనే ఆర్థికవేత్త నివేదిక ఇచ్చాడు. ఆయనకు తర్వాత నోబెల్ వచ్చింది, జోస్యం మాత్రం ఫలించలేదు. 1970లో పన్ను రాయితీలిచ్చి ఎగుమతుల కోసం ఫ్యాక్టరీలు పెట్టించారు. బట్టల మిల్లులు వచ్చాయి, ఇళ్ళలోంచి ఆడవాళ్ళు పనికి వెళ్ళారు. 1975 నుంచి యూరప్ చక్కెరకు హామీ ధర ఇచ్చింది. ఆ డబ్బుతో ఉచిత చదువు, ఉచిత వైద్యం, అరవై దాటిన ప్రతివారికీ పింఛను. తర్వాత పర్యాటకం, ఆ తర్వాత బ్యాంకింగ్. మన దేశంతో 1982లో కుదిరిన పన్ను ఒప్పందం పుణ్యమా అని ఏళ్ళ తరబడి ఇండియాకు వచ్చే విదేశీ పెట్టుబడుల్లో పెద్ద వాటా ఈ చిన్న దీవి చిరునామా మీదే వచ్చేది. 2016లో ఆ ఒప్పందం సవరించారు. హామీ ధర 2009లో పోయింది. ఇప్పుడు చెరకు పిప్పితో కరెంటు తీస్తున్నారు, తోటల అంచుల్లో విదేశీయులకు విల్లాలు అమ్ముతున్నారు.

డబ్బు అందరికీ సమానంగా అందలేదు. ఫ్రెంచి మూలాల కుటుంబాలు లెక్కకు కొద్దిమందే, పాత ఎస్టేట్లు ఇంకా చాలావరకు వాళ్ళవే. 2025 బడ్జెట్‌లో పింఛను వయసును క్రమంగా అరవై ఐదుకు పెంచుతామన్నారు, దాని మీద మా డ్రైవరు గంగా తలావ్ నుంచి షమరెల్ దాకా ఆపకుండా తిట్టాడు. యువకులు ఫ్రాన్స్, కెనడా వెళ్ళిపోతున్నారు. రోజ్ హిల్‌లో మేం రొట్టె కొన్న బేకరీలో పొయ్యి దగ్గర ఉన్న కుర్రాళ్ళిద్దరూ బంగ్లాదేశ్ నుంచి వచ్చినవాళ్ళు. మూడేళ్ళ ఒప్పందం అన్నారు, విరిగిన హిందీలో. ముందురోజే ఘాట్ చూసొచ్చాం కదా, ఆ "ఒప్పందం" అన్న మాట దగ్గర మా ఆవిడ నా వైపు చూసింది.

చివరి మూడు రాత్రులు పడమటి తీరంలో ఫ్లిక్ ఆన్ ఫ్లాక్. గాలి లేదు. వీధికి ఇటు మా అపార్ట్‌మెంటు, అటు సరుగుడు చెట్లు, వాటి వెనక ఇసుక. మధ్యతరగతి కుటుంబాలకు నేను చెప్పేది ఈ ఊరే: సూపర్‌మార్కెట్టు నడిచేంత దూరం, బస్సు ఉంది, ధరలు మరీ మంట కాదు. ముళ్ళ బంతుల్లాంటి సీ అర్చిన్లు కాళ్ళకు గుచ్చుకుంటాయి, రబ్బరు చెప్పులు వేసుకుని నీళ్ళలో దిగండి. మేమున్న అపార్ట్‌మెంటు యజమాని డిపాజిట్టు తిరిగివ్వడానికి రెండు వారాలు తిప్పాడు. ఇచ్చాడు గాని అలాంటివి రాతలో పెట్టుకోవడం మంచిది.

ఆదివారం అక్కడి బీచ్ చూడాలి. బస్సుల నిండా జనం, గిన్నెలు, చాపలు, గ్యాస్ పొయ్యి, తాత కోసం మడత కుర్చీ. సరుగుడు చెట్ల కింద బిర్యానీ మూత తీస్తారు. మధ్యాహ్నానికి ఎవరో రవాన్ అనే మేకతోలు డప్పును మంట దగ్గర వేడిచేసి మొదలుపెడతారు, సేగా పాట. ఒడ్డు వెంట 81 మీటర్ల మేర భూమి ప్రభుత్వానిదే, హోటళ్ళవాళ్ళు లీజుకే తీసుకోవాలి. ఇసుక ఎవరి సొత్తూ కాదు. అయినా పెద్ద హోటళ్ళ ముందు ఈ కుటుంబాలు పెద్దగా కనిపించవు.

తిరుగు విమానం రాత్రికి. విమానాశ్రయం ఆగ్నేయ మూల మాహెబూర్ దగ్గర ఉంది, పొద్దున్నే బయల్దేరి ఆ ఊరు చూశాం. సోమవారం సంత, కాకరకాయలు, మునగాకు, అరిటాకులో కట్టిన తీపి. 2020 జులైలో వకాషియో అనే ఓడ ఈ దగ్గర్లోనే దిబ్బకెక్కి, ఆగస్టులో నూనె కక్కింది. ప్రభుత్వం కదిలేలోపు ఊళ్ళవాళ్ళు చెరకు ఆకును గుడ్డ సంచుల్లో కూరి, తాళ్ళతో కట్టి నీళ్ళ మీద అడ్డం వేశారు.

రోజ్ హిల్ ఇంటావిడే చెప్పింది, దక్షిణాన ఫలానా పల్లెలో తెలుగువాళ్ళ గుడి ఉంది, దారిలో ఆగండి అని. ఆగాం. చిన్న గుడి, వెంకటేశ్వరుడు, పక్కన అమ్మోరు. బయట దాతల పేర్ల బోర్డు మీద వెంకటసామి, నారాయుడు లాంటి పేర్లు ఫ్రెంచి స్పెల్లింగులో వంకర్లు తిరిగి ఉన్నాయి. ఓడ దిగినప్పుడు గుమాస్తా ఎలా వింటే అలా రాశాడు, అదే ఇంటిపేరైపోయింది. మన గోదావరి ముఖం దగ్గరి కోరంగి రేవు నుంచి ఓడలు వచ్చేవి కాబట్టి, విశాఖ వాళ్ళయినా శ్రీకాకుళం వాళ్ళయినా తెలుగువాళ్ళందరినీ "కొరంగీలు" అన్నారు. బర్మాలోనూ ఇదే పేరు. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు ఈ దేశంలోనే జరిగాయి. బడుల్లో తెలుగు ఒక ఐచ్ఛిక పాఠం. ఇళ్ళలో మాత్రం ఫ్రెంచి నుంచి పుట్టిన క్రియోల్ భాషే.

గుడి దగ్గర ఉన్న పెద్దాయన పాతికేళ్ళు బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యారు. అమ్మను చూసి చేతులు జోడించి, "అమ్మగారూ, తమరు ఎప్పుడు విచ్చేసితిరి?" అన్నారు. అచ్చు పుస్తకం తెలుగు. అమ్మకు నవ్వాగలేదు, ఆయనా నవ్వారు. రాత్రంతా దీపం చుట్టూ తిరుగుతూ పాడే రామభజనం గురించి, సింహాద్రి అప్పన్న పూజ గురించి చెప్పారు. అమ్మది విజయనగరం పక్క పల్లె. అప్పన్న పేరు వినగానే ఆమె గుడి అరుగు మీద చతికిలబడింది. ఇక మాకు విమానం టెన్షన్ మొదలైంది.

లేవబోతుంటే ఆయన ఆపారు. చాలాకాలంగా ఒక సందేహం అట. "మా నాయనమ్మ నన్ను గుంటడా, గుంటడా అని పిలిచెడిది. నిఘంటువులో చూడగా గుంట అనగా గొయ్యి అని ఉన్నది. నన్ను గొయ్యి అని ఎందులకు పిలిచినది?"

"గొయ్యేమిటి బాబూ, మీ తల్లి కడుపు చల్లగుండ! గుంటడంటే కుర్రోడు. మావైపు ఇప్పటికీ అలాగే పిలుస్తాం" అంది అమ్మ.

ఆయన ఆ మాట రెండుసార్లు తనలో తాను అనుకున్నారు. తర్వాత జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి రాసుకున్నారు, తెలుగులోనే, గుండ్రటి అక్షరాలతో. కారు దాకా వచ్చి అమ్మ చేతిలో అరటిపళ్ళ అత్తం పెట్టారు. అమ్మ హుండీలో వేద్దామని పర్సు తీసి వెతికితే మిగిలింది ఆ వంద రూపాయల నోటు ఒక్కటే.